డెబ్బై మందికి ఉద్యోగాలొచ్చాయి, ముగ్గురికి కూడా రాలేదు

వందమందికి ఉచితంగా వృత్తి శిక్షణ ఇచ్చారనుకోండి. ఆ శిక్షణ లేకపోతే దొరకని ఉద్యోగం, దానివల్లే దొరికింది ఎంతమందికి? ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డేవిడ్ మెకంజీ వర్ధమాన దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టుకుని 2017లో లెక్క తీశాడు. ముగ్గురికి కూడా కాదట. మొన్న నేనొక శిక్షణ కేంద్రానికి పోతే అక్కడ గోడంతా ఫ్లెక్సీ. "మా ప్లేస్‌మెంట్ 70 శాతం పైనే" అని పెద్దక్షరాలు. కింద మెడలో ఐడీ కార్డులు వేసుకుని నవ్వుతున్న పిల్లల ఫొటోలు.

ఈ రెండు లెక్కల్లో ఏదీ అబద్ధం కానక్కర్లేదు. ఆ బ్యాచ్‌లో డెబ్బై మంది ఉద్యోగాల్లో చేరి ఉండొచ్చు. కాకపోతే అవే ఊళ్ళల్లో, అదే వయసు, అదే ఇంటర్ చదువు ఉండి శిక్షణకు పోని వందమందిని వెతికి పట్టుకుంటే, వాళ్ళలోనూ అరవై ఏడెనిమిది మంది ఏదో ఒక పనిలో కుదిరే ఉంటారు. ఒకడు పెట్రోలు బంకులో, ఒకడు డెలివరీ బండి మీద, ఒకామె బట్టల షాపులో. వీళ్ళ ఫొటోలు ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు. డెబ్బైలోంచి వీళ్ళ లెక్క తీసేస్తే మిగిలేది మెకంజీ చెప్పిన ఆ చిన్న అంకె. (అరవై ఏడెనిమిది అన్నది నేను ఉదాహరణకు వేసుకున్నది. తేడా మాత్రం ఆయన లెక్కే.)

ఆ ఫొటోలు లేనివాళ్ళను వెతకడమే నా ఉద్యోగం. ఉపాధి పథకాల మీద, నైపుణ్య శిక్షణల మీద పరిశోధన చేసేవాళ్ళకు ఊళ్ళల్లో సర్వే చేసిపెట్టే టీముల్లో చాలాకాలంగా ఉన్నాను. మొదట్లో ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే సర్వేయర్‌ని, ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. ఇప్పుడూ ఇల్లిల్లూ తిరగడమే. మా టీము పిల్లలు నిజంగా ఆ ఇంటికి పోయారా, చెట్టు కింద కూర్చుని నింపేశారా అని చూడడానికి అవే ప్రశ్నల్లో కొన్ని మళ్ళీ అడుగుతాను. బ్యాక్ చెక్ అంటాం దాన్ని. పేపర్లు రాసేది ఎక్కడెక్కడి యూనివర్సిటీల వాళ్ళో. అవి బయటికొచ్చాక కూర్చుని చదవడం నాకు అలవాటైంది. మనం నింపిన గడులు చివరికి ఏమయ్యాయో చూడాలని ఉంటుంది కదా. అట్లా చదువుతూ పోగా నాకు పట్టుకున్న సందేహం ఒకటుంది. శిక్షణ పని చేసిందా లేదా అని అందరూ అడుగుతారు. పని చేసినప్పుడు ఆ వచ్చిన లాభం ఎవరింటికి చేరిందని అడిగేవాళ్ళు తక్కువ.

ముందు ఫీల్డు సంగతి కొంచెం చెప్తాను. లేకపోతే ఈ అంకెలు గాల్లో ఉన్నట్టుంటాయి.

లబ్ధిదారుల లిస్టులో పేరున్న ఇంటికి పోవడం తేలిక. పేరు లేని ఇంటికి పోయినప్పుడే తంటా. "మాకు ఏ స్కీమూ రాలె. మా పిల్లగాన్ని ఏ ట్రైనింగుకూ పిలవలె. మమ్మల్నెందుకు అడుగుతున్నవ్ మేడం?" అంటారు. న్యాయమైన ప్రశ్న. మీకు రాలేదు కాబట్టే మీ దగ్గరికొచ్చాం అని ఎట్లా చెప్పాలి? లాటరీలో మీ మండలం పడలేదు, పడినవాళ్ళతో మిమ్మల్ని పోల్చి చూస్తాం అని ఉన్నదున్నట్టు చెప్తాను. కొందరు నవ్వుతారు. ఒక పెద్దమనిషి మాత్రం "అయితే మాకు రాకపోవుడు గూడ మీకు అక్కరకొచ్చిందన్నట్టు" అన్నాడు. దానికి మా ఫారంలో కోడ్ లేదు.

ఇంకో తంటా, ఆడవాళ్ళు చేసే పనిని లెక్కలోకి ఎక్కించడం. కామారెడ్డి వైపు ఒక ఇంట్లో బ్యాక్ చెక్ చేస్తున్నాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో చాట. చాటలో కత్తిరించిన తునికాకులు, ఒక పక్క తంబాకు, చిన్న కత్తెర, దారపుండ. "పోయిన వారం రోజుల్లో మీరు కూలికో జీతానికో ఏమైనా పని చేశారా అక్కా?" అంటే, "ఏం పని బిడ్డా, ఇంట్లనే ఉంట" అంటోంది. అంటూనే ఆకులో తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారం కట్టి పక్కన పడేస్తోంది. నా ప్రశ్న పూర్తయ్యేలోపు రెండు బీడీలు అయిపోతున్నాయి. చూపు నా మీదే ఉంది, చేతులు మాత్రం ఆగడం లేదు. మా పిల్లవాడు ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకుపోయాడు. ఫారంలో 92 పడింది. కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వేలో 92 అంటే ఇంటి పనులు మాత్రమే చేసుకునే మనిషి. ఆమెకు ఇరవై ఏళ్ళుగా పీఎఫ్ కార్డుంది.

అందుకే మా ట్రైనింగులో పదే పదే చెప్తాను: పని చేస్తున్నారా అని అడగొద్దు, నిన్న పొద్దున లేచింది మొదలు ఏమేం చేశారో వరుసగా అడగండి. అట్లా అడిగితే బీడీలు బయటికొస్తాయి, వారానికి ఎన్ని వేలు కట్టారో వస్తుంది, టేకేదారు బాగాలేవని ఛాట్ కింద ఎన్ని తీసేశాడో కూడా వస్తుంది. కూలి రేటు అడిగినా ఇంతే. నాట్లయితే ఎకరం గుత్త, పత్తి ఏరుడైతే కిలో లెక్క, మగవాళ్ళకు పూట కూలి మీద పైన ఇంకేదో. అన్నిటినీ రోజుకు ఇంత అనే ఒక్క గడిలోకి కుక్కాలి. ఇన్ని కుస్తీలు పడ్డాక వచ్చిన అంకెలు కాబట్టి వాటిని నేను నమ్ముతాను, నమ్ముతూనే కొంచెం అనుమానంగా చూస్తాను.

ఇక శిక్షణల దగ్గరికి వద్దాం. గ్రామీణ పేద యువత కోసం కేంద్రం నడిపే పెద్ద పథకం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. ఉన్న పథకానికే 2014లో ఆ పేరు పెట్టారు. హాస్టల్‌లో పెట్టి, బట్టలిచ్చి, కంప్యూటరూ కొంచెం ఇంగ్లీషూ నేర్పి, ఏదో ఒక ట్రేడులో తర్ఫీదు ఇచ్చి ఉద్యోగంలో పెట్టాలి. శిక్షణ సంస్థకు నిబంధన ఏమిటంటే, నేర్చుకున్నవాళ్ళలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలి, వాళ్ళు మూడు నెలలు పనిలో ఉన్నట్టు జీతం రుజువులు పెట్టాలి. ఫ్లెక్సీ మీద డెబ్బై ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా.

మూడు నెలల తర్వాత ఏమైందన్నది మా పని. దాన్ని ట్రాకింగ్ అంటారు. వినడానికి బాగానే ఉంటుంది, చేసేది మాత్రం రోజంతా ఫోన్లు కొట్టడం. లిస్టులో ఉన్న నంబర్లలో సగం పనిచేయవు. పనిచేసినవాటిలో కొన్ని నాన్నవి, అన్నవి, లిస్టు రాసిన రోజున పక్కన నిలబడ్డ దోస్తువి.

అట్లా దొరికిన ఒక అమ్మాయి, వనపర్తి వైపు ఊరు. డిగ్రీ మధ్యలో ఆపేసి రిటైల్ శిక్షణలో చేరింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద మాల్‌లోని బట్టల షోరూంలో పెట్టారు. జీతం 13 వేలు అని చెప్పారు, పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి 11,400 వచ్చేది. లేడీస్ హాస్టల్‌కు తిండితో కలిపి 5,500. బస్సు ఖర్చు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొట్టేవారు. డ్యూటీలో కూర్చోవడానికి వీల్లేదు కాబట్టి రాత్రికి కాళ్ళు వాచేవి, వేడినీళ్ళలో పెట్టుకునేదాన్ని అంది. మధ్యాహ్నం పూట తినడానికి, ఫోన్ రీఛార్జికి, డ్యూటీకి వేసుకోవాల్సిన నల్లబూట్లకు, మేకప్‌కు పోగా ఇంటికి పంపింది నెలకు రెండు మూడు వేలు. అంతవరకూ బాగానే నెట్టుకొచ్చింది. దసరా వచ్చింది. బట్టల షోరూంకు ఏడాదిలో అసలైన గిరాకీ అప్పుడే, సెలవు ఇవ్వరు. ఆ అమ్మాయికి ఏడాదిలో ఇంటికి పోవాల్సిన వారం కూడా అదే. బతుకమ్మకు పోయింది, మళ్ళీ రాలేదు. అప్పటికి మూడు నెలల జీతం రుజువులు అప్‌లోడ్ అయిపోయాయి కాబట్టి శిక్షణ కేంద్రం రికార్డులో ఆమె విజయవంతమైన ప్లేస్‌మెంటే. ఇప్పుడు ఊరి దగ్గరి టౌన్లో చీరల దుకాణంలో 8 వేలకు పోతోంది. పొద్దున ఇంట్లో తిని పోయి రాత్రికి ఇంటికొస్తుంది. "ఇప్పుడే ఎక్కువ మిగులుతుందక్కా" అంది. మా ఫారంలో: ఉద్యోగంలో ఉన్నారా, అవును. జీతం తగ్గింది. ఆ అమ్మాయిని ఏ గడిలో వేస్తే నిజం చెప్పినట్టవుతుందో మీరే చెప్పండి.

ఇదే పథకం మీద బీహార్, జార్ఖండ్‌లలో భాస్కర్ చక్రవర్తి, క్లెమాన్ ఇంబేర్ మొదలైనవాళ్ళు కలిసి చేసిన అధ్యయనం ఒకటుంది, 2024లో అచ్చయింది. లాటరీ తీసి కొన్ని బ్యాచ్‌లకు శిక్షణ మధ్యలో రెండే రెండు సమావేశాలు పెట్టారు. ఏ ఊళ్ళో ఉద్యోగం, ఎంత జీతం, ఎక్కడ ఉండాలి, ఎట్లా ఉంటుంది అని ఉన్నమాట చెప్పారు. అంతే, ఇంకేమీ ఇవ్వలేదు. ఉద్యోగంలో పెట్టాక అందులో నిలబడే అవకాశం ఆ బ్యాచ్‌ల వాళ్ళకు 18 శాతం ఎక్కువగా కనిపించింది. ఎందుకంటే, ఏదో పెద్ద జీతం వస్తుందని ఆశపడి చేరినవాళ్ళు విషయం తెలిశాక ప్లేస్‌మెంట్‌కు ముందే తప్పుకున్నారట. మిగిలినవాళ్ళు తెలిసే పోయారు, నిలబడ్డారు. నాకు తెలిసినంతలో ఇంత చవకైన ఉపాయం ఇంకోటి లేదు. ఈ మాట ఒక కేంద్రం మేనేజర్‌కు చెప్తే తల గోక్కున్నాడు. "ముందే అన్నీ చెప్తే బ్యాచ్ నిండదు మేడం, మాకు టార్గెట్ ఉంటది." ఆయనా జీతగాడే.

శిక్షణంటేనే దండగ అని నేననడం లేదు. ఢిల్లీ బస్తీల్లో ఆడవాళ్ళకు ఆరు నెలలు కుట్టుపని నేర్పించి పుష్కర్ మైత్ర, సుభా మణి చేసిన అధ్యయనంలో ఫలితం బాగానే వచ్చింది. శిక్షణ అవకాశం ఇచ్చినవాళ్ళలో పనిచేసేవాళ్ళు 6 శాతం పాయింట్లు ఎక్కువ, నెల సంపాదన 150 శాతం ఎక్కువ, ఏడాదిన్నర తర్వాత చూసినా నిలబడింది. 150 అనగానే నోరెళ్ళబెట్టకండి. చాలామంది సంపాదన అసలే సున్నా ఉన్నచోట సగటు అది. దాంట్లో నాకు నచ్చింది వేరే సంగతి. నేర్చుకోవడానికి రానివాళ్ళు, మధ్యలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారని చూస్తే, కేంద్రం దూరం, చేతిలో డబ్బు లేకపోవడం, పిల్లల్ని చూసేవాళ్ళు లేకపోవడం అడ్డంకులుగా తేలాయి. ఇంటికి దగ్గరగా మిషన్లు పెట్టి, పక్కన ఒక ఆయమ్మను పెడితే పోయేదానికి మనవాళ్ళు మోటివేషన్ క్లాసు పెడతారు.

రాబర్ట్ జెన్సెన్ ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో ఇంకోరకంగా చేశాడు. నేర్పడం జోలికే పోలేదు. లాటరీలో వచ్చిన 80 ఊళ్ళకు మూడేళ్ళపాటు కాల్ సెంటర్ ఉద్యోగాల రిక్రూటర్లను పంపించి, ఆడపిల్లలకు ఇట్లాంటి పనులున్నాయి, ఇట్లా అప్లై చేయాలి అని చెప్పించాడు. ఆ ఊళ్ళల్లో 15 నుంచి 21 ఏళ్ళ అమ్మాయిల పెళ్ళిళ్ళు వెనక్కి జరిగాయి, వాళ్ళు సొంతంగా కంప్యూటర్, ఇంగ్లీషు కోర్సుల్లో చేరారు, ఇంకా చిన్నపిల్లలు బడికి పోవడం పెరిగింది. ఎదురుగా ఉద్యోగం కనిపిస్తే నేర్చుకోవడం అదే వస్తుందన్నమాట. ఇది 2012లో అచ్చయిన పేపరు, ఇప్పటికీ ఎవరికి చెప్పినా ఆసక్తిగా వింటారు.

ఇంతకీ నన్ను పట్టుకుని వదలని పేపరు బెంగళూరుది. గార్మెంట్ ఫ్యాక్టరీలు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి పోయి అక్కడ మిషన్ల మీద కూర్చున్న తెలుగు ఆడవాళ్ళు ఎంతోమంది ఉన్నారు కాబట్టి ఇది మనకు దూరం కథ కాదు. అచ్యుత అధ్వర్యు, నమ్రత కాలా, అనంత్ నైషధం కలిసి చేశారు. షాహి ఎక్స్‌పోర్ట్స్ ఫ్యాక్టరీల్లో పేస్ అనే కార్యక్రమం కింద ఆడవాళ్ళకు మాట్లాడడం, సమయం సర్దుకోవడం, సమస్య వస్తే పై మనిషికి చెప్పడం లాంటివి నేర్పారు. చేరతామన్నవాళ్ళలోంచే లాటరీ తీసి కొందరిని తీసుకున్నారు, కాబట్టి పోలిక గట్టిది. తర్వాత ఎవరు గంటకు ఎన్ని ముక్కలు కుట్టారో ఫ్యాక్టరీ రికార్డుల్లోంచే తీశారు. మాలాగా "నిన్న ఎంత చేశారక్కా" అని అడిగే బాధ లేదు.

శిక్షణ తీసుకున్నవాళ్ళ ఉత్పాదకత 13.5 శాతం పెరిగింది. పెద్ద పెరుగుదల అది. కుట్టు మిషన్ గురించి ఒక్క ముక్క నేర్పకుండా, మనిషికి నోరు విప్పడం నేర్పితే అంత తేడా వచ్చింది. లైన్లో దారం తెగిపోతోందనో, ముందు టేబుల్ నుంచి కట్ పీసులు రావడం లేదనో సూపర్‌వైజర్‌కు వెంటనే చెప్పగలగడం ఎంత విలువైందో ఎప్పుడైనా లైన్లో కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. మరి జీతం ఎంత పెరిగింది? 0.5 శాతం. అర శాతం. పదివేలు వచ్చేచోట యాభై రూపాయలు. కంపెనీకి మాత్రం పెట్టిన ఖర్చు మీద, కార్యక్రమం ముగిసిన ఎనిమిది నెలలకే 250 శాతానికి పైగా నికర లాభం. పనిమంతులై వేరే ఫ్యాక్టరీకి వెళ్ళిపోతారేమో అంటే, వెళ్ళలేదు. నేర్చుకున్నవాళ్ళూ నేర్చుకోనివాళ్ళూ ఒకేలా మానేశారు. ఎక్కువ ఇచ్చి పిలుచుకుపోయే పోటీదారు ఉంటే కదా.

పరిశోధకుల మాటల్లో చెప్తే శ్రామిక మార్కెట్లో ఘర్షణలు, అంటే పని మారడానికి అడ్డంకులు, ఎక్కువ. మామూలు మాటల్లో చెప్తే, ఆమె పనితనం ఎంత పెరిగినా "ఇంకెక్కడికి పోతుంది" అనే ధీమా యజమానిది. ఈ పేపరును కంపెనీలు నడిపేవాళ్ళు గొప్ప శుభవార్తగా చెప్పుకుంటారు, కార్మికులకు శిక్షణ ఇవ్వండి, మీకే లాభం అని. శుభవార్తే. జీతం కాలమ్ చూసినవాళ్ళకు మాత్రం ఇంకో వార్త కూడా కనిపిస్తుంది.

మరి కూలి నిజంగా పెరిగిన చోటు ఎక్కడైనా ఉందా అంటే ఉంది, అది మన దగ్గరే. అక్కడ ఎవరికీ ఏదీ నేర్పలేదు.

జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైందే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. మా నల్లగొండ వైపు దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. మొదట్లో కూలి డబ్బులు ఎప్పుడు పడతాయో, ఎంత పడతాయో చెప్పే దిక్కు లేదు. పని చేసింది ఎండాకాలంలో, డబ్బులొచ్చేది వానలు పడ్డాక. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చి, ఊళ్ళోనే పొదుపు సంఘం మహిళ దగ్గర మిషన్ పెట్టి కూలి ఇప్పించింది. ఇది ఎనిమిది జిల్లాల్లో, నల్లగొండ వాటిలో ఒకటి, ఏ మండలంలో ముందు ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ వేసి నిర్ణయించారు. 157 మండలాలు, 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతం. ఈ రంగంలో ఇంత పెద్ద లాటరీ అరుదు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ దీన్ని అధ్యయనం చేశారు. 2016లో వచ్చిన మొదటి పేపర్లో తేలింది: కూలి తెచ్చుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది, ఉపాధి పని సంపాదన 24 శాతం పెరిగింది, ప్రభుత్వానికి ఖర్చు పెరగలేదు. మధ్యలో కారిపోయేది తగ్గింది, అంతే.

అసలు సంగతి రెండో పేపర్లో ఉంది, 2023లో వచ్చింది. కార్డులు ముందొచ్చిన మండలాల్లో కూలి కుటుంబాల మొత్తం సంపాదన 14 శాతం పెరిగింది, పేదరికం 26 శాతం తగ్గింది. ఆ పెరిగిన సంపాదనలో 86 శాతం ఉపాధి పనిలోంచి వచ్చింది కాదు. రైతుల పొలాల్లో, బయటి పనుల్లో వచ్చిన కూలి. కరువు పనికి డబ్బులు సరిగ్గా పడుతున్నాయని తెలియగానే, పటేల్ "రేపు పొద్దున కలుపుకు రా, ఇంత ఇస్తా" అన్నప్పుడు "ఆ రేటుకు రాను" అనగల ధైర్యం వచ్చింది. బయటి కూలి రేటే పెరిగింది. కూలి పెరిగితే పనులు తగ్గిపోతాయని అంటారు కదా, ఇక్కడ ప్రైవేటు పనులూ పెరిగాయి. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్ళల్లో ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ. చేతిలో డబ్బాడి ఊళ్ళో చిన్నచిన్న దుకాణాలు కూడా పెరిగాయి.

బెంగళూరు ఆడవాళ్ళకు పనితనం పెరిగింది, ధర పెరగలేదు. ఇక్కడ పనితనం అదే, ధర పెరిగింది. ఈ రెండు పేపర్లనూ నేను ఎప్పుడూ కలిపే చదువుతాను.

అయితే ఇందులో నష్టపోయినవాళ్ళు లేరని చెప్పలేను. భూమి మీద రాబడి తగ్గిందని ఆ పేపరే చెప్తోంది. మా ఇంట్లో ఆ తగువు రెండు వైపులా ఉంది. నాన్న పేరు మీద మూడెకరాలు, పత్తి. అమ్మ మా చేను పని అయ్యాక పక్కవాళ్ళ చేలకు కూలికి పోతుంది, ఎండాకాలం కరువు పనికి పోతుంది. పత్తి ఏరే రోజుల్లో మనుషులు దొరక్క నాన్న ఆటోలు మాట్లాడి పక్క ఊళ్ళ నుంచి తేవాల్సొచ్చినప్పుడల్లా "ఈ కరువు పని వచ్చి కూలోళ్ళకు కొమ్ములొచ్చినయ్" అని మొదలుపెడతాడు. అమ్మ ఒకటే మాట: "నువ్విచ్చే కిలో రేటుకు నేనే రాను, ఊరోళ్ళెందుకొస్తరు?" మూడెకరాల రైతు కూలి పెరుగుదలను ఎట్లా తట్టుకోవాలన్నది నిజమైన సమస్యే. పత్తికి ధర, ఎరువులకు రేటు, యంత్రానికి కిరాయి, ఇవన్నీ అందులో ఉన్నాయి. దానికి పరిష్కారం మా అమ్మ కూలి తగ్గించుకోవడం మాత్రం కాదని నా అభిప్రాయం.

అందుకే 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో తెచ్చిన కొత్త చట్టం చదివినప్పుడు నా కళ్ళు ఒక్కచోటే ఆగాయి. పని రోజులు 100 నుంచి 125 చేశారు, మంచిదే. కాని విత్తనాలు, కోతల కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజులు పనులు నిలిపివేయాలని కూడా ఉంది. కూలి బేరమాడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. నాట్ల వారంలో "నాకు వేరే పని ఉంది" అనగలిగితే వచ్చే రేటు వేరు, ఏమీ లేని ఖాళీ నెలలో ఆ మాట అంటే వచ్చేది వేరు. ఆ 86 శాతం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవాళ్ళు ఈ విరామం గురించి ఆలోచించాలి. నాన్నకైతే నచ్చింది. అమ్మకు ఇంకా చెప్పలేదు.

చివరగా, మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఇట్లాంటి ఉచిత శిక్షణలో చేరతామంటే ఆపకండి. కాకపోతే చేరేముందు కేంద్రం వాళ్ళను కొన్ని అడగండి. పోయిన బ్యాచ్ వాళ్ళలో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇమ్మనండి, ఫ్లెక్సీ మీద ఉన్నవాళ్ళవి కాదు, మీరు లిస్టులోంచి ఏరినవాళ్ళవి. వాళ్ళకు ఫోన్ చేసి జీతం ఎంత అని కాకుండా చేతికి ఎంత వస్తోంది, హాస్టల్‌కు ఎంత పోతోంది, పండక్కి సెలవు ఇచ్చారా అని అడగండి. మొదటి నెలలోనే పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబర్ వచ్చిందా లేదా అడగండి. శిక్షణలో చెప్పిన పనే ఉద్యోగంలో చేయిస్తున్నారా అని కూడా. ఆ ఫోన్ నంబర్లు ఇవ్వడానికి కేంద్రం వాళ్ళు నసుగుతున్నారంటే, దాన్నిబట్టే కొంత తెలిసిపోతుంది.

వచ్చే నెల మాకు కొత్త సర్వే ఉంది, ఈసారి సిరిసిల్ల, జగిత్యాల వైపు. ప్రశ్నాపత్రం డ్రాఫ్టు వచ్చింది. అందులో శిక్షణ గురించి నాలుగు పేజీలు, కూలి బేరం గురించి ఒక్క ప్రశ్న లేదు. "పోయినసారి మీరు అడిగిన రేటు ఇచ్చారా, ఇవ్వకపోతే ఏం చేశారు" అని ఒకటి కలపమని మెయిల్ పెట్టాను. ఇంటర్వ్యూ ఇప్పటికే గంటన్నర దాటుతోంది, ఏదైనా ఒకటి తీసేస్తేనే కొత్తది పెడతాం అని జవాబొచ్చింది. ఏది తీసేయొచ్చో చూస్తున్నాను. ఇంట్లో ఎన్ని కుర్చీలున్నాయి అనే ప్రశ్న మీద నా కన్ను పడింది.